నలభైలో లేని క్లారినెట్

జూన్ 3

ఒరేయ్ బావమరిదీ,

నేను ఉత్తరాలు రాయడం మానేశానని మీ అక్క దగ్గర మొత్తుకున్నావట. ఆ మొత్తుకునేదేదో నా దగ్గరే మొత్తుకోవచ్చుగా. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మనిద్దరం ఫోన్లో మాట్లాడుతుంటే మీ అక్క చేతిలో పని ఆపేసి చెవులు రిక్కించుకుని నిలబడుతుంది. అందుకే నాకు కాయితమే నయం.

సంగతేమిటంటే, కొత్త పని పెట్టుకున్నాను. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దుటిపూట ఇప్పుడు అల్లుడు కూచుంటున్నాడు. నేను భోంచేసి తీరిగ్గా వెళితే చాలు. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూచోలేక, జన్మంతా పోగేసిన రికార్డుల్లోంచి నాకు బాగా నచ్చినవి నలభై ఏరి, నలభయ్యో దాన్నుంచి ఒకటో దాకా వరస పెడదామని మొదలెట్టాను. ముందు గదిలో మూడు గోడలూ వాటివే కదా. మీ అక్క దుమ్ము దులపాలన్నా నా కళ్ళ ముందే దులపాలి, అట్ట ముట్టుకోకూడదు. ఆ రూలు నీకు తెలిసిందే.

పద్ధతి మా దుకాణం పద్ధతే. కళ్ళు చూసేటప్పుడు అద్దం మార్చి మార్చి 'ఇది బాగుందా, ఇదా' అని అడుగుతాను చూడు, అదే. దీనిది ఒక పక్క వింటాను, దానిది ఒక పక్క వింటాను. ఇదా, అదా? నెగ్గింది పైకి, ఓడింది కిందికి. మీ అక్కని కుర్చీలో కూచోబెట్టి అడిగితే 'రెండూ ఒకలాగే ఉన్నాయి, పొయ్యి మీద పాలున్నాయి' అని లేచిపోతుంది. పైగా 'మీరు ఇవాళ దుకాణానికి పెందరాళే వెళ్ళరా' అని రోజూ అడుగుతోంది. నేను ఇంట్లో ఉంటే ఆవిడకేమిటి కష్టమో నాకు అర్థం కావడం లేదు.

నలభై నుంచి ముప్పై ఒకటి దాకా ఈ ఉత్తరం వెనక రాశాను. నలభైలో వాన పడుతుండగా వాయించిన ఆ పియానో ఉంది. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో.

మీ బావ

జూన్ 11

బావా,

చూశాను. ఆ వాన పియానోకి నలభయ్యో స్థానం కూడా ఎక్కువే. వాన బాగా వాయించింది, పియానో ఆయనే తేలిపోయాడు.

నువ్వు ఊరికే ఏ పనీ చెయ్యవు. కొన్నవాటిని మళ్ళీ లెక్క చూసుకునే రకం కాదు నువ్వు. ఇన్నేళ్ళు లేని వరసలు ఇప్పుడెందుకు? ఒంట్లో బాగానే ఉందా? దాచకుండా రాయి. అక్కని అడిగితే 'ఆయనకేం, రాయిలా ఉన్నారు' అంది, కానీ ఆ గొంతులో ఏదో తేడా ఉంది. నేను రిపేరు చేసే లిఫ్టులూ అంతే. ఎక్కినవాళ్ళకి బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, నేను తలుపు దగ్గర నిలబడి వింటే బేరింగు అరిగిందని తెలిసిపోతుంది.

ఒకటి అడుగుతాను, వేరే అర్థం తీసుకోకు. కుర్రతనంలో మేం నలుగురం కలిసి చేసిన రికార్డు, నేను క్లారినెట్ వాయించింది, నీకొకటి ఇచ్చాను. అదీ పోటీలో ఉందా, లేక బంధువులకి ప్రవేశం లేదా? నా దగ్గరున్నది ఇల్లు మారినప్పుడు ఎండకి వంగిపోయిందని నీకు తెలుసు. మిగతా ముగ్గురిలో డ్రమ్ము వాయించినవాడు పోయాడు, ఇద్దరి జాడే లేదు. ఇప్పుడు నా వేళ్ళు స్పానరు పట్టుకోవడానికే పనికొస్తున్నాయి. నేనొకప్పుడు వాయించానని చెప్పడానికి నీ దగ్గరున్న ఆ ఒక్కటే మిగిలింది.

మిగతా ముప్పై కూడా పంపు. ఊరికే అడుగుతున్నాను.

నీ బావమరిది

జూన్ 20

బావమరిదీ,

నాకేం రోగం లేదు. మొన్న మెట్ల మీద పాలవాడికంటే ముందు దిగాను. నా సంగతి మీ అక్కని గుచ్చి గుచ్చి అడగడం మాను, ఆవిడకి లేనిపోని అనుమానాలు వస్తాయి.

బంధువులైనా పోటీ పోటీయే. వస్తే వస్తుంది, రాకపోతే లేదు. నీ రికార్డు పై అరలో ఉంది. ఉందనే అనుకుంటున్నాను. పై అరవి ఇంకా దింపలేదు, స్టూలు ఎక్కితే నాకు కాళ్ళు వణుకుతున్నాయి. నీకైతే స్టూలు ఎక్కడం దిగడం మంచినీళ్ళు తాగినంత తేలిక.

ముప్పై నుంచి ఇరవై ఒకటి దాకా వెనక ఉన్నాయి. ఇరవై ఆరులో ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళ జోలపాటలు పెట్టాను. ఒకావిడ గొంతు కాస్త పలచన, రెండో ఆవిడ అది కప్పెయ్యకుండా పక్కనే నడుస్తుంది. నీకు అది గుర్తుండాలి, మనిద్దరం కలిసే కొన్నాం, బస్సులో అట్ట నలగకుండా నువ్వు ఒళ్ళో పెట్టుకుని కూచున్నావు.

మీ బావ

జూలై 2

బావా,

ఆ స్టూలు మాట ఎందుకు ఎత్తావో రెండు రోజులు ఆలోచించాను. నువ్వు అనవసరంగా ఒక్క మాట రాసే మనిషివి కాదు. 'ఉందనే అనుకుంటున్నాను' అన్నది కూడా నాకు నచ్చలేదు. నీ అరల్లో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతావే, నా రికార్డు దగ్గరికి వచ్చేసరికి అనుకోవడాలు మొదలయ్యాయా?

ఇంకో సంగతి. మీ అమ్మాయి ఫోన్ చేసి మాటల్లో అంది, ఎవరో అట్టపెట్టెలతో మీ ఇంటికి వచ్చాడని, నువ్వు అతనితో గుమ్మంలోనే గుసగుసలాడి పంపేశావని. అప్పుడు నాకు అర్థమైంది. నలభై ఉంచుకుని మిగతావి వదిలించుకుంటున్నావు. ఈ వరసంతా దానికే. నలభైలోకి రానివాటి గతి ఏమిటో ముందే చెప్పొచ్చు కదా. నేనేం నా రికార్డుని గెలిపించమని నీ కాళ్ళు పట్టుకోను. అమ్మేసే ముందు నాకొక్క మాట చెప్పు, వచ్చి తీసుకెళతాను. అది నీ దగ్గర ఉంటే.

నీ బావమరిది

జూలై 9

బావమరిదీ,

ఆ అట్టపెట్టెల్లో కళ్ళజోడు ఫ్రేములు వచ్చాయి. దుకాణం మూసి ఉంటే ఇంటికి తెచ్చాడు. గుసగుసలాడటం ఏమిటి, అతనికి గొంతు పోయింది. మా అమ్మాయికి చూసినదానికి నాలుగు తగిలించడం మీ వైపు నుంచే వచ్చింది.

నా రికార్డు ఒక్కటి కూడా గడప దాటదు. నువ్వు నా ఇంట్లో సంగతులు అక్క దగ్గర కొన్ని, అమ్మాయి దగ్గర కొన్ని కూపీ లాగుతున్నావు. ఏం తెలుసుకోవాలని? 'అది నీ దగ్గర ఉంటే' అని రాశావు. ఆ మాట నీ నోటి నుంచే వచ్చింది, నేను అనలేదు. దాన్ని జాగ్రత్తగా పెట్టుకున్నాను.

ఇరవై నుంచి రెండు దాకా వెనక ఉన్నాయి. ఒకటి ఇంకా తేలలేదు. ఈలోగా నువ్వు నాతో ఏమైనా చెప్పాల్సి ఉంటే చెప్పు. నేను ఏమీ అనుకోను.

మీ బావ

జూలై 17

గౌరవనీయులైన బావగారికి,

మీరు పంపిన వరస అందింది. మూడుసార్లు చదివాను. అందులో ఓడరేవు కూలీల పాటలు ఉన్నాయి, ఒంటికన్ను వయొలిన్ మాస్టారు ఉన్నాడు, చివరికి రైలింజన్ల కూతలు రికార్డు చేసిన ఆ పిచ్చాయన కూడా పదిహేడులో ఉన్నాడు. ఇంజన్లు నాకంటే బాగా వాయించాయన్నమాట. సంతోషం.

ఒకటో స్థానం ఖాళీ పెట్టి నన్ను ఊరించడం దేనికండీ? నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్న మాట ఇవాళ రాసేస్తున్నాను. ఆ రికార్డు అచ్చయి వచ్చిన రోజు మొట్టమొదట మీ దుకాణానికే పట్టుకొచ్చాను. మా ఇంట్లోవాళ్ళకి కూడా తర్వాతే చూపించాను. మీరు అటు తిప్పి, ఇటు తిప్పి, 'అట్ట బాగుంది' అన్నారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో దాని గురించి ఒక్క మాట అంటే ఒట్టు. బాగుందని అనలేదు, బాలేదని కూడా అనలేదు. మీ దుకాణంలో ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా 'ఇదా, అదా' అని పదిసార్లు అడుగుతారే, నాకు ఒక్కసారి చెప్పడానికి నోరు రాలేదా?

నేను ఉద్యోగం కోసం క్లారినెట్ వదిలేశానని అందరూ అనుకుంటారు. కాదు. సంగీతం తెలిసిన ఒకే ఒక్క మనిషి నా అట్ట బాగుందన్నాడు, అందుకని వదిలేశాను.

ఇట్లు,
మీ శ్రీమతిగారి తమ్ముడు

జూలై 22

బావమరిదీ,

నన్ను 'అండీ' అన్నావు. సరే, తాడో పేడో తేల్చుకుందాం.

కిందటేడు మా మనవరాలి పుట్టినరోజుకి వచ్చావు. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. నువ్వు ముందు గదిలోకి వెళ్ళి స్టూలు ఎక్కి పై అరలోంచి నీ రికార్డు తీశావు. నేను వరండాలో చెయ్యి కడుక్కుంటూ అద్దంలో చూశాను. అప్పుడేమీ అనలేదు, నీదే కదా, చూసుకుంటాడులే అనుకున్నాను. ఆ తర్వాత ఎవరితోనూ చెప్పకుండా, భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయావు. మర్నాడు అనుమానం వచ్చి అట్ట తీసి చూస్తే లోపల నీ రికార్డు లేదు. పరాయి భాష నేర్పించే పాఠాల రికార్డు ఉంది. 'ఇది తలుపు. అది కిటికీ.' అదీ సంగతి.

అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా. దొంగతనంగా పట్టుకెళ్ళి, అట్ట ఖాళీగా ఉంటే తెలిసిపోతుందని లోపల ఏదో కూరి పోయావు. ఏడాది నుంచి నువ్వే చెబుతావని చూస్తున్నాను. ఈ నలభై కూడా అందుకే మొదలెట్టాను. నీ రికార్డు ఎక్కడా కనపడకపోతే ఉండబట్టలేక నోరు విప్పుతావనుకున్నాను. నువ్వేమో నన్నే దోషిని చేసి, 'శ్రీమతిగారి తమ్ముడు' అని సంతకం పెట్టావు.

రికార్డు తిరిగి పంపించు. మీ అక్కకి తెలియనివ్వను.

మీ బావ

జూలై 29

బావా,

నన్ను దొంగ అన్నావు. నీ ఉత్తరం పట్టుకుని లిఫ్టు గదిలో నిలబడిపోయాను, పైఅంతస్తువాళ్ళు బెల్లు కొట్టి కొట్టి మెట్లెక్కి వెళ్ళారు.

స్టూలు ఎక్కాను, నిజం. అట్ట తీశాను, నిజం. అది చేతిలోకి తీసుకుని చాలా ఏళ్ళయింది, ఒక్కసారి చూసుకుందామనిపించింది. లోపల ఆ భాష పాఠాలే ఉన్నాయి. అప్పటికే ఉన్నాయి. నా రికార్డుని పారేసి, అట్ట బాగుంది కనక అట్ట మాత్రం ఉంచుకున్నావనుకున్నాను. ఇంకేం అనుకోమంటావు? నువ్వన్నది ఆ ఒక్క మాటే కదా. అది పోటీలో ఉందా అని మొన్న అడిగింది కూడా నువ్వేం చెబుతావో చూద్దామనే. ముద్ద నోట్లోకి పోలేదు, అందుకే వెళ్ళిపోయాను. ఆ పాఠాల రికార్డు ముఖం నేను అదే మొదటిసారి చూడటం.

నేను తియ్యలేదు. నువ్వూ పారెయ్యలేదంటున్నావు. మరి ఏమైంది? నీ ఇంట్లో నీకు తెలియకుండా ఆ గదిలో చెయ్యి పెట్టగలిగేది ఎవరు? నేను పేరు పెట్టి అనను. పొద్దుటిపూట దుకాణంలో కూచుంటున్నది ఎవరో, అంతకుముందు పొద్దుటిపూట మీ ఇంట్లో తిరిగింది ఎవరో నువ్వే ఆలోచించుకో.

నీ బావమరిది

ఆగస్టు 6

ఒరేయ్ బావమరిదీ,

కూచుని చదువు.

నీ ఉత్తరం చదివి, అల్లుడి సంగతి నాకూ నిజమే అనిపించింది. పెళ్ళయిన కొత్తలో ఈ రికార్డులకి ఇప్పుడు గిరాకీ ఉందట కదా అని ఒకసారి అన్నాడు కూడా. నిలదీద్దామని చెప్పులు వేసుకున్నాను. మీ అక్క తలుపుకి అడ్డంగా నిలబడింది. 'ఆ అబ్బాయిని ఏమీ అనకండి' అంది. నీకెలా తెలుసు అన్నాను. నా ఉత్తరాలన్నీ చదివిందట. నీవీ చదివిందట. మనం ఆవిడ వినకూడదని కాయితాలు ఖర్చుపెట్టాం.

తిన్నగా కింది అర దగ్గరికి వెళ్ళి కూచుంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, కూచోవడానికే గోడ పట్టుకుంది. ఆ భాష పాఠాల అట్ట లాగి, లోపల్నుంచి నీ రికార్డు తీసి నా చేతిలో పెట్టింది.

జరిగిందేమిటంటే, నేను దుకాణానికి వెళ్ళాక ఆవిడ నీ రికార్డు పెట్టుకుని వింటుంది. ఎన్నేళ్ళుగానో. ముట్టుకోకూడదని నా రూలు కదా, అందుకని దొంగచాటుగా. మోకాళ్ళు పాడయ్యాక స్టూలు ఎక్కలేక, నేనెన్నడూ తెరవని, నా దగ్గరుందని నేనే మరిచిపోయిన అట్ట ఏదో కింది అరలో చూసుకుని, దీన్ని అందులో పెట్టి, అందులోదాన్ని పైకి ఎక్కించింది. అదీ పక్కింటావిడ చేత. పొద్దుటిపూట నేను ఇంట్లో ఉంటున్నానని ఎందుకు విసుక్కుంటోందో ఇప్పుడు తెలిసింది. 'అడిగితే పెట్టేవాణ్ణి కదా' అన్నాను. 'మీ ముందు వింటే ఎలా ఉందని అడుగుతారు. ఇదా అదా అంటారు. నా తమ్ముణ్ణి నేను ఇంకోదానితో పోల్చలేను' అంది. వెళ్ళి రికార్డు పెట్టాను.

ఇద్దరం కలిసి విన్నాం. రెండు పక్కలూ.

ఇప్పుడు నువ్వడిగినదానికి జవాబు. నువ్వు దుకాణానికి తెచ్చిన రోజు నేను వినలేదు, వినకుండా ఏం చెప్పను? కంటికి కనపడింది అట్ట, అది బాగుంది, అన్నాను. ఆ సాయంత్రమే విన్నాను. ఆ నెలంతా విన్నాను. మళ్ళీ నువ్వు వస్తావు, ఎలా ఉందని అడుగుతావు, అప్పుడు చెబుదామని చూశాను. నువ్వు అడగలేదు. అడగనివాడికి చెబితే పొగిడినట్టు ఉంటుందనుకున్నాను. పైగా చెబితే ఉన్నదంతా చెప్పాలి. రెండో పక్క మూడో పాటలో డ్రమ్ము నాలుగు చుట్లు తిరిగాక నువ్వు రావాలి. మూడు చుట్లకే వచ్చేశావు. ఆ డ్రమ్ము అతను మహా గడుసువాడు, తన చుట్టు మింగేసి నిన్ను కాపాడాడు. నీ మొహం చూసి ఆ మాట అనలేకపోయాను. అది అనకుండా బాగుందని మాత్రం అనడం నాకు చేతకాదు.

నలభైలో పెట్టి చూశాను. బంధుత్వం పక్కన పెట్టి, ఒక్కొక్కదానితో పోటీ పెట్టాను. ముప్పై ఏడు. అంతకుమించి రాదు. మొదటి పక్కలో రెండో పాట ఒక్కటే ఉంటే పదిలోకి వచ్చేది, ఆ కింది స్వరాలు నీలాగా ఇంకెవరూ వాయించగా నేను వినలేదు. కానీ మిగతావి అంత లేవు. ఆ వాన పియానో నలభైలోంచి బయటికి పోయింది, నీ కోరిక తీరింది.

మీ అక్క మాత్రం ఆ మూడో పాటే మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. నువ్వు వచ్చే చోట ప్రతిసారీ నవ్వుతోంది. నేనేమీ అనలేదు.

నువ్వు దొంగవి కాదు. ఆ మాట అన్నందుకు ఏం రాయాలో తెలియడం లేదు. రా ఒకసారి.

మీ బావ

ఆగస్టు 14

బావా,

ఉత్తరం లిఫ్టు గుంతలో కూచుని చదివాను. ఏడ్చాను. కుర్ర మెకానిక్కు చూసి వైరు తగిలిందేమోనని మెయిన్ ఆపేశాడు.

నువ్వు కనక నా రికార్డుని ఒకటో స్థానంలో పెట్టి ఉంటే ఒక్క ముక్క కూడా నమ్మేవాణ్ణి కాదు. దొంగ అన్నందుకు పరిహారంగా పెట్టాడు, అక్క పోరు పడలేక పెట్టాడు అనుకునేవాణ్ణి. పదో స్థానం అన్నా నమ్మేవాణ్ణి కాదు. ముప్పై ఏడు అన్నావు చూడు, అక్కడ నా ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏడు! ఆ రైలింజన్ల ఆయన కింద ఉన్నా ఫరవాలేదు. నేను మా ఆవిడకి చెప్పాను, పిల్లలకి ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళకి అందులో గొప్పేమిటో అర్థం కాలేదు.

ఆ మూడు చుట్ల సంగతి. అది నాకూ, డ్రమ్ము వాయించినవాడికీ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదనుకున్నాను. రికార్డింగు అయ్యాక వాడు నన్ను పక్కకి లాగి, 'ఎవరూ పట్టుకోలేరు, నోరు మూసుకో' అన్నాడు. వాడు పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఎవరైనా పట్టుకుంటారేమోనని భయపడ్డాను. పట్టుకున్నవాడు ఒక్కడూ లేడని బాధ కూడా పడ్డాను, అంటే ఎవరూ శ్రద్ధగా వినలేదనే కదా. నువ్వు మొదటి రోజే విన్నావు. నాకు అది చాలు. ఇంకేం రాయక్కర్లేదు నువ్వు.

మీ అల్లుడి గురించి నేను రాసింది చింపెయ్యి. చింపే ముందు అక్క చదివేసి ఉంటుంది, ఏం చేస్తాం.

ఆదివారం వస్తున్నాను. భోజనం చేసే వెళతాను. ముగ్గురం కలిసి రెండు పక్కలూ విందాం, నేను మాట్లాడకుండా వింటాను, నువ్వూ మాట్లాడకు.

ఒక్కటి మాత్రం మాటివ్వు. అక్కకి అది తప్పని ఎప్పుడూ చెప్పకు.

నీ బావమరిది